బాత్రూమ్ లీకేజీ: చోటు కన్నా వేళ ముఖ్యం

పై ఫ్లాట్ బాత్రూమ్ నీళ్లు కింది గది సీలింగులోకి దిగడం హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో తరచూ వినే గొడవ. దాన్ని తీర్చే పద్ధతి కూడా దాదాపు అంతటా ఒక్కటే. మరక కనిపించిన చోటికి సరిగ్గా పైన ఏముందో చూస్తారు. అక్కడి టైల్స్ సందులు గీకి వైట్ సిమెంట్ నింపుతారు. కారడం ఆగకపోతే నాలుగు టైల్స్ లేపి కింద వాటర్‌ప్రూఫింగ్ కెమికల్ పూస్తారు. అదీ పని చేయకపోతే గచ్చంతా పగలగొడతారు. ఇంత చేశాక మళ్లీ చెమ్మ తేలితే మేస్త్రీ ప్లంబర్‌ను, ప్లంబర్ మేస్త్రీని, పై వాళ్లు బిల్డర్‌ను, కింది వాళ్లు పై వాళ్లను తప్పుపడతారు. పనితనం దాకా వెళ్లకముందే, వెతకడంలోనే పొరపాటు మొదలవుతోందని నా వాదన. నీళ్లు ఎక్కడ కనిపించాయో చూసి అందరూ నిర్ణయానికి వచ్చేస్తున్నారు. ఎప్పుడు పెరుగుతున్నాయో, ఎప్పుడు తగ్గుతున్నాయో ఎవరూ రాసి పెట్టడం లేదు. మన బాత్రూమ్‌ల కట్టుబడిని బట్టి చూస్తే చోటు చాలాసార్లు దారి తప్పిస్తుంది. వేళను ఓపిగ్గా గమనిస్తే కారుతున్నవి ఏ నీళ్లో తెలుస్తుంది.

ముందు ఆ కట్టుబడి చూడాలి. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా బాత్రూమ్ ఉన్న చోట స్లాబును మిగతా గదుల కన్నా తొమ్మిది అంగుళాల నుంచి అడుగు దాకా కిందికి దించి పోస్తారు. దాన్నే సంకన్ స్లాబ్ అంటారు. కమోడ్ పైపు, నహానీ ట్రాప్ (గచ్చు నీళ్లు దిగే జాలీ కింది గిన్నె), వాష్‌బేసిన్ నుంచి వచ్చే పైపు అన్నీ ఆ పల్లంలోనే పడుకుని డక్ట్‌లోని నిలువు పైపును చేరతాయి. పైపులు వేశాక ఆ పల్లాన్ని ఇటుక ముక్కలతోనో సిండర్‌తోనో, కొన్నిచోట్ల కట్టడంలో మిగిలిన రద్దుతోనో నింపి, పైన కాంక్రీటు పలచగా వేసి టైల్స్ పరుస్తారు. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న బాత్రూమ్‌లో అడుగు లోతు సంకన్ అంటే 40 ఘనపుటడుగులు, అంటే సుమారు 1,130 లీటర్ల చోటు. నింపిన ముక్కల మధ్య ఖాళీలు అందులో నాలుగో వంతే అనుకున్నా 280 లీటర్ల నీళ్లు అక్కడ నిలవగలవు. పైపు జాయింటు దగ్గర సెకనుకు ఒక చుక్క పడుతోందనుకుందాం. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు లెక్కన అది రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. ఆ సంకన్ నిండడానికి రెండు నెలలు పడుతుంది. అందరి కాళ్ల కింద, ఎవరికీ కనిపించకుండా, టైల్స్ మాటున ఒక చిన్న సంపు ఉందన్నమాట. కింది గదిలో మొదటి మరక తేలే నాటికి ఆ సంపు సగమైనా నిండి ఉండవచ్చు.

చోటు ఎందుకు దారి తప్పిస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది. సంకన్‌లో చేరిన నీళ్లు స్లాబు మీద పరుచుకుని, ఎటు పల్లముంటే అటు పాకి, ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతాయి. పైపు స్లాబును దాటే రంధ్రం చుట్టూ, కాంక్రీటు సరిగ్గా కుదురుకోక గుల్లగా మిగిలిన చోట, ఇవాళ కొంత రేపు కొంత పోసిన కాంక్రీటు అతుకు దగ్గర, కరెంటు పైపు ఉన్న చోట అవి బయటపడతాయి. కమోడ్ దగ్గర పుట్టిన లీకు పడకగది ఫ్యాన్ బాక్సులోంచి చుక్కలు రాల్చవచ్చు. నీళ్లు కరెంటు పైపులోకి దిగినట్టు అనుమానమొస్తే మిగతా పరిశీలన అంతా పక్కన పెట్టి ముందు ఆ లైను ఎంసీబీ దించేయాలి. ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇళ్లలో చోటు మరీ నమ్మలేనిది. స్లాబు మీంచి రాలిన నీళ్లు జిప్సమ్ బోర్డు మీద ఇంకోసారి పారి, ఇంకో మూలన కనిపిస్తాయి. అందుకే మరకకు సరిగ్గా పైన గచ్చు తవ్వడమంటే నీళ్లు బయటికొచ్చిన గుమ్మాన్ని చూసి పుట్టిన చోటు అదేననుకోవడం.

వేళ విషయానికి వస్తే, బాత్రూమ్‌లో తిరిగే నీళ్లకు వేర్వేరు నడకలు ఉంటాయి. కుళాయిలకు, షవర్‌కు, గీజర్‌కు వచ్చే సప్లై పైపుల్లో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడి మీదే ఉంటాయి. ఎవరూ కుళాయి తిప్పకపోయినా, ఇంటికి తాళం వేసి ఉన్నా ఆ లీకు రాత్రింబగళ్లు ఒకే తీరుగా సాగుతుంది. మేడ మీది ట్యాంకు నుంచి నీళ్లు దిగే భవనాల్లో పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కేజీ ఒత్తిడి వస్తుంది. కాబట్టి ఐదో అంతస్తులో పైకి తెలియని పగులు ఒకటో అంతస్తులో గట్టిగా కారుతుంది. డ్రైనేజీ పైపుల సంగతి వేరు. అవి మామూలుగా ఖాళీగా ఉంటాయి. ఫ్లష్ నొక్కినప్పుడో బకెట్ ఒంపినప్పుడో మాత్రమే వాటిలో నీళ్లు పారతాయి, అప్పుడే కారతాయి. గచ్చు మీది నీళ్లు స్నానాల వేళకు, బట్టలు ఉతికే వేళకు కట్టుబడి ఉంటాయి. ఇక బయటి గోడ నుంచో డక్ట్ నుంచో వచ్చే వాన నీళ్లు వానాకాలంలోనే హెచ్చుతాయి. అవి బాత్రూమ్‌కు ఏ సంబంధమూ లేకుండానే బాత్రూమ్ కింద మరకగా తేలగలవు. జూలైలో మొదలై డిసెంబరుకు ఎండిపోయే మరక చూసి పై వాళ్ల గచ్చు పగలగొట్టించడం అన్యాయం.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. సంకన్ అన్ని నీళ్లు దాచుకోగలిగితే వేళ కూడా చెరిగిపోతుంది కదా? పొద్దున్న పోసిన స్నానం నీళ్లు రాత్రి దిగవచ్చు, మర్నాడూ దిగవచ్చు. మాట నిజమే. పై వాళ్లు తరచూ చెప్పే మాటకు మూలం కూడా ఇదే: ‘రెండు రోజులు బాత్రూమ్ మూసేశాం, అయినా కారింది, కాబట్టి మాది కాదు.’ పైన వేసిన లెక్క ప్రకారం రెండు రోజులు మూసినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. దాచుకున్న నీళ్లు వారాల తరబడి దిగుతూనే ఉండగలవు. అలాగని వేళను వదిలేయాల్సిన పని లేదు. చూడాల్సింది కారడం ఆగిందా లేదా అని కాదు, వేగం మారిందా అని. కింద పడే చుక్కల దగ్గర కొలత గీతలున్న గిన్నె పెట్టి, పూటకు ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో రాస్తే, సరఫరా కట్టేసిన మూడో రోజుకు ఆ అంకె దిగుతోందో లేదో కనబడుతుంది. చుక్క పడకుండా మరక మాత్రమే ఉంటే దాని అంచు వెంట పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేయాలి. పైగా సంకన్ పూర్తిగా నిండి ఉన్నప్పుడు పైన కొత్తగా చేరిన నీళ్లకు జాగా ఉండదు కాబట్టి కింద వేగం కొన్ని గంటల్లోనే పెరుగుతుంది. సంకన్ సగం ఖాళీగా ఉన్నప్పుడే ఆలస్యం ఎక్కువ. ఈ తేడా తెలిస్తే ఎంతసేపు ఆగాలో అంచనా వేయవచ్చు.

పరీక్షల వరస దీన్నిబట్టే తేలుతుంది. ముందు మామూలు వాడకంలో వారం రోజులు కింద రాసుకోవాలి. తర్వాత పైన వాడకం ఆపి, ఆ బాత్రూమ్‌కు వచ్చే వాల్వులు కట్టేసి, కింది వేగం నిలకడగా తగ్గేదాకా వేచి ఉండాలి. ఆ తర్వాత ఒక్కో రకం నీళ్లను విడిగా వదలాలి, మిగతావి ముట్టుకోకూడదు. మొదట సప్లై వాల్వు మాత్రం తెరిచి, ఒక్క కుళాయి కూడా వాడకుండా చూడాలి. కింద వేగం పెరిగితే పైపులోనే లోపం. ఇంకా తేటగా తెలియాలంటే కుళాయిల చోట ప్లగ్గులు బిగించి, హ్యాండ్ పంపుతో ఒత్తిడి ఎక్కించి గేజీ ముల్లు చూడాలి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. గీజర్‌ను విడదీయకుండా ఈ పరీక్ష చేస్తే దాని సేఫ్టీ వాల్వు వల్లో, లోపల మిగిలిన గాలి వల్లో ముల్లు దిగవచ్చు. బాగున్న పైపులను అప్పుడు అనవసరంగా అనుమానిస్తాం. వేడి నీళ్ల లైనును, చన్నీళ్ల లైనును కూడా విడివిడిగానే చూడాలి. డైవర్టర్ దగ్గర అవి రెండూ కలుస్తాయి కాబట్టి గోడలో దాగిన ఆ జాయింటు మీద నాకు ఎప్పుడూ అనుమానం ఎక్కువ. సప్లై నిర్దోషి అని తేలాక డ్రైనేజీ వంతు. గచ్చు తడవకుండా రబ్బరు పైపు ద్వారా ట్రాప్‌లోకే నీళ్లు వదలాలి. వేరే రోజున కమోడ్ ఫ్లష్ మాత్రమే పదే పదే చేయాలి, మరో రోజున వాష్‌బేసిన్ నింపి ఒక్కసారిగా వదలాలి. గచ్చు మీద నీళ్లు నిలబెట్టే పరీక్ష అన్నిటికన్నా చివర రావాలి. దానితో మొదలుపెడితే సంకన్ అంతా తడిసి మిగతా పరీక్షలన్నీ మసకబారిపోతాయి. మనవాళ్లలో చాలామంది దానితోనే మొదలుపెడతారు.

నీళ్లు నిలబెట్టే పరీక్షలో ఎవరూ పట్టించుకోని మెలిక ఒకటుంది, నా దృష్టిలో ఈ విషయమంతటికీ అదే కీలకం. ట్రాప్ నోరు గచ్చు టైల్‌ను కలిసే చోట, పీవీసీకి సిమెంటుకు మధ్య ఒక అతుకు ఉంటుంది. సిమెంటు పీవీసీని గట్టిగా పట్టదు. వేడికి పీవీసీ కాంక్రీటు కన్నా ఐదారు రెట్లు సాగుతుంది. గీజర్ నీళ్లు పారిన ప్రతిసారీ అది సాగి, చల్లారాక ముడుచుకుంటుంటే ఏళ్లు గడిచేసరికి ఆ అతుకు వెంట్రుకవాసి విడిపోతుంది. బాత్రూమ్ నీళ్లన్నీ వాలు వెంట వచ్చి చేరేది అక్కడికే. పరీక్ష చేసేటప్పుడు జాలీ మీద గుడ్డ కుక్కి నీళ్లు నిలబెడితే గచ్చు, గోడ మూలలు పరీక్షకు వస్తాయి, ఈ అతుకు రాదు. జాలీ తీసి, ట్రాప్ గొంతు లోపలికి రబ్బరు బంతి దించి బిగిస్తే అతుకు కూడా నీళ్లలో మునుగుతుంది. మొదటి తీరులో 24 గంటలు, రెండో తీరులో ఇంకో 24 గంటలు నిలబెట్టి రెండు అంకెలనూ పోల్చాలి. గచ్చు దోషమా, ట్రాప్ గొంతు దోషమా అన్నది ఆ రెండు అంకెల తేడాలో తెలుస్తుంది. గొంతు దగ్గరే లోపముంటే అడుగు చదరం మేర తవ్వి బాగుచేసుకోవచ్చు, బాత్రూమ్ అంతా పగలగొట్టాల్సిన పని ఉండదు. ఈ ఒక్క తేడా చూడకపోవడం వల్ల ఎన్ని బాత్రూమ్‌లు అకారణంగా గుల్లవుతున్నాయో తలుచుకుంటే బాధ కలుగుతుంది.

‘ఇప్పుడు పరికరాలున్నాయి కదా, ఇన్ని రోజులు గిన్నెలు పెట్టుకుని కూర్చోవడమెందుకు?’ అనే వాళ్లకు జవాబు చెప్పాలి. థర్మల్ కెమెరా గోడలోకి తొంగి చూడదు. అది పైపొర ఉష్ణోగ్రతను మాత్రమే చూపిస్తుంది. తడి ఆరుతున్న చోట చల్లబడుతుంది కాబట్టి అక్కడ రంగు మారి కనిపిస్తుంది. అంటే తడి ఎంత మేర పరుచుకుందో తెలుస్తుంది, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వేడి నీళ్ల పైపు ఒక్కదాని విషయంలో మాత్రం అది నిజంగా గట్టి సాక్షి. గీజర్ వేసి వదిలితే లీకు చుట్టూ వెచ్చదనం పాకడం కళ్లకు కడుతుంది. తేమ కొలిచే మీటరు గోడలో ఉప్పు పేరుకున్న చోట తడి లేకపోయినా ఎక్కువ చూపించగలదు. శబ్దాన్ని పట్టే పరికరాలు ఒత్తిడి ఉన్న పైపుకే పనికొస్తాయి, డ్రైనేజీలో అవి వినేదేమీ ఉండదు. రంగు నీళ్ల పరీక్ష మంచిదే. అతినీలలోహిత దీపం కింద మెరిసే ఫ్లోరెసీన్ కొద్దిగా ఉన్నా కనబడుతుంది. కానీ రంగు కింద తేలితేనే అది రుజువు. తేలకపోతే సంకన్‌లోని మట్టి దాన్ని పీల్చుకుని ఉండవచ్చు. నీళ్ల వాసన, నురగ కూడా అంతే. మురుగు వాసన వస్తే డ్రైనేజీ అంటారు, అయితే నెలల తరబడి సంకన్‌లో నిలవున్న మంచినీళ్లు కూడా కుళ్లు వాసనే వేస్తాయి. సీలింగుకు వేలాడే తెల్లటి సున్నపు పూసలు కాంక్రీటులోని సున్నం కరిగి దిగిందని, చాలాకాలంగా నీళ్లు ఊరుతున్నాయని చెప్తాయి. అంతకు మించి ఏమీ చెప్పవు. ఈ పరికరాలూ గుర్తులూ అన్నీ చోటుకే సాక్ష్యం. పైన ఒక రకం నీళ్లను ఆపి, మరో రకం వదులుతూ వాటిని వాడినప్పుడే వాటి మాటకు విలువ వస్తుంది.

ఎలాగూ చివరికి పగలగొట్టక తప్పదు, ఈ రెండు మూడు వారాలు వృథా అని మేస్త్రీలు అంటారు. ఇరవై ఏళ్లు దాటిన భవనంలో, వాటర్‌ప్రూఫింగ్ జీర్ణించిపోయిన చోట, ఆ మాటలో బలముంది. అక్కడ గచ్చంతా తీసి కొత్తగా చేయడమే చవక. అయితే అక్కడ కూడా లోపం ఏ పైపులో ఉందో తెలియకుండా గచ్చు కొత్తగా వేస్తే, గోడలో కారే సీపీవీసీ జాయింటు అలాగే మిగిలి, కొత్త సంకన్‌ను మళ్లీ నింపుతుంది. తవ్వే ముందు తెలుసుకోవడం వల్ల పోయేది కొద్ది రోజులు. తెలియక తవ్వితే పోయేది బాత్రూమ్ ఒక్కటే కాదు, పై వాళ్లకూ కింది వాళ్లకూ మధ్య మిగిలిన కాస్త నమ్మకం కూడా పోతుంది. పగలగొట్టకుండానే ఆపేస్తామని టైల్స్ సందుల్లో ఎపాక్సీ నింపేవాళ్లు చెప్పేది కొంతవరకు నిజం. లోపం గచ్చు పైపొరలోనే ఉందని నీళ్ల పరీక్షలో తేలితే ఎపాక్సీ చాలాకాలం కాపాడుతుంది. పైపులో ఉంటే దాని వల్ల ఒరిగేది లేదు.

కింది నుంచి మూసే పద్ధతుల మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. సీలింగుకు నీళ్లు పట్టని పెయింట్ వేయడం, పగుళ్లలోకి పాలీయురెథేన్ ఎక్కించడం పై వాళ్లు తలుపు తెరవని చోట కింది వాళ్లకు మిగిలే చివరి దారి. ఆ నిస్సహాయత అర్థమవుతుంది. కానీ దిగే దారి మూసినంత మాత్రాన నీళ్లు పోవు. అవి స్లాబులోనే నిలిచి చువ్వల చుట్టూ చేరతాయి. తీవ్రత లేని (మైల్డ్) వాతావరణంలో చువ్వల మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. సంకన్ స్లాబుల అడుగున అంత కవర్ కూడా దక్కని చోట్లున్నాయి. తుప్పు ఇనుము కన్నా రెట్టింపుకు మించిన చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి పగలగొట్టి పెచ్చులుగా రాలుస్తుంది. అప్పటిదాకా సున్నపు మరకగా ఉన్న సమస్య స్లాబు బలానికి సంబంధించిన సమస్య అవుతుంది. దాని ఖర్చు రెండు ఫ్లాట్లకూ తగులుతుంది. దీనికన్నా మేలైన ఏర్పాటు సంకన్ అడుగున చిన్న పైపు పెట్టి డక్ట్‌లోకి వదలడం. లోపల నీళ్లు చేరితే ఆ పైపు కారి ముందే హెచ్చరిస్తుంది, కింది గదిని కాపాడుతుంది. ఆ పైపు అతుకే రేపు కొత్త లీకు అవుతుందని కొందరు ఇంజనీర్లు దాన్ని ఒప్పుకోరు. ఆ భయం సరైనదే, కానీ అది జాగ్రత్తగా బిగించమని చెప్పడానికి కారణం అవుతుంది గానీ పైపే వద్దనడానికి కాదు. నీళ్లు చేరినా రెండేళ్లు ఎవరికీ తెలియకుండా ఉండడం కంటే పెద్ద ప్రమాదం అందులో లేదు.

ఈ పరీక్షలన్నిటికీ అడ్డు మనుషులే. వదలాల్సిన నీళ్లు పైన ఉన్నాయి, చూడాల్సిన గిన్నె కింద ఉంది. నష్టమంతా కింది వాళ్లది, అసౌకర్యం పై వాళ్లది. పైన అద్దెకున్న వాళ్లకు తవ్వించే అధికారం ఉండదు. ఓనరు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే ఫోనుకు జవాబు రావడానికే నెల పట్టవచ్చు. అందువల్ల దీన్ని ఇద్దరి మంచితనానికి వదిలేయకూడదు. అసోసియేషన్ బైలాస్‌లోనే పరీక్షల వరస, ఎన్ని రోజుల్లో తలుపు తెరవాలో, రాతలు ఎవరు చూసి సంతకం చేయాలో ఉండాలి. డక్ట్‌లోని నిలువు పైపులు అందరివీ కాబట్టి వాటి మరమ్మతు అసోసియేషన్ మీద పడడం న్యాయం. ఫ్లాట్ లోపలి నుంచి వాటిని చేరే పైపు, గచ్చు ఆ ఫ్లాట్ ఓనరువి. ఏది కారుతోందో తేలకుండా ఖర్చు పంచుకోమనడం వల్లే చాలా తగవులు తెగవు. కొత్త భవనాలైతే 2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ ఉంది. ఫ్లాట్ అప్పగించిన ఐదేళ్ల లోపు నిర్మాణంలో, పనితనంలో లోపం తన దృష్టికి తెస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అక్కడ కూడా వాడకం వల్లే పాడైందనే వాదన ఎదురవుతుంది. అప్పుడు మరక ఫోటో కన్నా, వాల్వు కట్టినప్పుడు తగ్గి తెరిచినప్పుడు పెరిగిన అంకెలు, తేదీలతో సహా ఇద్దరి సంతకాలతో ఉన్న కాగితం ఎక్కువ పని చేస్తుంది.

లోపం దొరికి తవ్వాక తొందరపడకూడని పనులు రెండున్నాయి. సంకన్‌లోని పాత రద్దు తీసేసి, స్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ చేశాక, పైపులు బిగించాక, మళ్లీ నింపక ముందే నీళ్లు నిలబెట్టి 48 గంటలు కింద చూడాలి. టైల్స్ పరిచాక చూస్తే తప్పు దొరికినా మళ్లీ పగలగొట్టాలి. పైపులు కనిపిస్తున్నప్పుడే గోడ నుంచి కొలతలు కనబడేలా ఫోటోలు తీసి రెండు ఫ్లాట్లలోనూ ఒక్కో ప్రతి ఉంచాలి. కింద సీలింగుకు పెయింట్ మాత్రం చివరి పని. స్లాబులో ఇంకిన నీళ్లు ఆరడానికి వారాలు, తేమ ఎక్కువున్న విశాఖ లాంటి చోట అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈలోగా పుట్టీ పెట్టి రంగు వేస్తే అది పొక్కులు లేచి ఊడిపోతుంది. లీకు ఆగలేదని మళ్లీ పై వాళ్ల మీదికి వెళ్తారు. పెన్సిల్ గీత దాటి మరక ఒక నెల పెరగకపోతే, ఉప్పు తేలడం ఆగితే, అప్పుడు పెచ్చులు గీకి ప్లాస్టరింగ్ మొదలుపెట్టవచ్చు.